ఆర్మీ చీఫ్ అయిన కృష్ణారావు గారి పేరు మనవైపు ఎందుకు వినపడదు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: మా అబ్బాయి ఎన్‌డీఏకి (నేషనల్ డిఫెన్స్ అకాడమీకి) తయారవుతున్నాడు. తెలుగువాళ్లలో ఆర్మీ చీఫ్ అయింది జనరల్ కె.వి. కృష్ణారావు గారొక్కరే అని కోచింగ్‌లో చెప్పారట. 1971 యుద్ధంలో ఆయన ఏం చేశారు? అంత పెద్ద పదవి చేసినాయన పేరు మనవైపు ఎందుకు వినపడదు? కశ్మీర్ గవర్నర్‌గా ఫెయిలయ్యారని మా బావగారు అంటారు, నిజమేనా? ఎస్ఎస్‌బీ (సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూలో ఆయన గురించి అడుగుతారా?

నేను మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలో (ఉక్కు బండ్లలో వెళ్లే పదాతి దళంలో) ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యాను. కృష్ణారావు గారి కింద పనిచేయలేదు. నేను యూనిఫాం వేసుకునేసరికే ఆయన యూనిఫాం విడిచి గవర్నర్‌గా ఉన్నారు. కానీ ఆయన రాసిన ఒక కాగితం వల్ల పుట్టిన రెజిమెంట్‌లో నేను ఉద్యోగం చేశాను, ఆయన గవర్నర్‌గా ఉన్న రోజుల్లోనే కశ్మీర్ లోయలో పోస్టింగ్ కూడా పడింది. కాబట్టి నాకు ఆయన మీద కొంత పక్షపాతం ఉంది. అది తీసేసి చదువుకోండి.

ముందు ఆ "ఒక్కరే" సంగతి. 1955 నుంచి 1957 దాకా చీఫ్‌గా ఉన్న జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్ గారి కుటుంబానికి హైదరాబాద్‌తో గట్టి సంబంధం ఉంది. ఆయనే ఆ తర్వాత 1962 నుంచి 1964 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా కూడా చేశారు. కనుక ఎవరైనా "శ్రీనగేశ్ మాటేమిటి" అంటే వాదనకు దిగొద్దని అబ్బాయికి చెప్పండి. కోస్తా జిల్లాల నుంచి వెళ్లి చీఫ్ అయింది కృష్ణారావు గారు అంటే గొడవ ఉండదు. ఇంకో తమాషా ఉంది. 1981 జూన్ 1న ఆయన ఆర్మీ చీఫ్ అయ్యేటప్పటికి ఎయిర్‌ఫోర్స్ చీఫ్‌గా ఉన్నది హైదరాబాదులో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్. ఇద్దరిదీ 1923 పుట్టుకే. లతీఫ్ గారు ఆగస్టు నెలాఖరులో రిటైరయ్యేదాకా, మూడు నెలల పాటు, దేశంలోని మూడు దళాల్లో రెండింటికి అధిపతులు మన నేల మీద పుట్టినవాళ్లే. మన పేపర్లలో ఈ మాట రాగా నేనెప్పుడూ చూడలేదు.

కోటికలపూడి వెంకట కృష్ణారావు గారు 1923 జూలై 16న, ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని లుకలాంలో పుట్టారు. కమిషన్ దొరికిన తేదీ 1942 ఆగస్టు 9. ఆ తేదీ చూసి ఒక క్షణం ఆగాలి. బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం చేసిన మర్నాడు, గాంధీగారిని తెల్లవారుజామున అరెస్టు చేసిన రోజు. దేశమంతా బ్రిటిష్ వాళ్లను పొమ్మంటుంటే పంతొమ్మిదేళ్ల కుర్రాడు వాళ్ల సైన్యంలో చేరాడు. ఆ తరం ఆఫీసర్లందరి మీదా ఈ ప్రశ్న ఉంది. ఆ కుర్రాళ్లే అయిదేళ్ల తర్వాత స్వతంత్ర దేశపు సైన్యాన్ని నడిపారన్నది కూడా అంతే నిజం. రెండూ కలిపి చూడాలి.

ఆయన చేరింది మహార్ రెజిమెంట్ రెండో బెటాలియన్‌లో. ఆ రెజిమెంట్‌ను నిలబెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మహార్లు ఒకప్పుడు కంపెనీ సైన్యంలో బాగా పేరు తెచ్చుకున్నవాళ్లు. "యుద్ధజాతులు" అనే సిద్ధాంతం తలకెక్కిన బ్రిటిష్ అధికారులు 1890ల్లో వాళ్ల భర్తీ ఆపేశారు. అదే సిద్ధాంతంతో మద్రాసు సైన్యంలోని మనవాళ్లనూ తక్కువ చేసి క్రమంగా తగ్గించేశారు. సైనికుడి కొడుకైన అంబేడ్కర్ ఏళ్ల తరబడి పోరాడాక, రెండో ప్రపంచయుద్ధపు అవసరం ముంచుకొచ్చాక, 1941లో మహార్ రెజిమెంట్ పుట్టింది. సైన్యానికి పనికిరారు అన్న జాతివాళ్ల రెజిమెంట్‌కు, సైన్యానికి పనికిరారు అన్న ప్రాంతం నుంచి వచ్చిన ఆఫీసర్. తర్వాత అదే రెజిమెంట్ దేశానికి ఇద్దరు చీఫ్‌లను ఇచ్చింది: ఈయన, కె. సుందర్జీ.

యుద్ధకాలంలో బర్మా, వాయవ్య సరిహద్దు, బలూచిస్తాన్ చూశారు. 1947లో రెండు పంజాబుల్లోనూ దేశ విభజన మారణకాండ మధ్య పనిచేశారు. ఆ వెంటనే జమ్మూ కశ్మీర్ యుద్ధం. 1949లో మూడు దళాల క్యాడెట్లకు కలిపి శిక్షణ మొదలుపెట్టినప్పుడు మొదటి తరం బోధకుల్లో ఆయన ఒకరు. అప్పటికి ఖడక్‌వాస్లాలోని ఇప్పటి అకాడమీ లేదు, అంతా డెహ్రాడూన్‌లోనే. మీ అబ్బాయి చేరాలనుకుంటున్న ఎన్‌డీఏకి అదే మొదలు, ఈ ముక్క అతనికి నచ్చుతుంది. తర్వాతి ఏళ్లను గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే ఏ కెరీర్ ఆఫీసర్ జాబితా అయినా ఇలాగే ఉంటుంది: బెటాలియన్ కమాండ్, 1965-66లో లద్దాఖ్‌లో బ్రిగేడ్, జమ్మూలో 26 ఇన్‌ఫాంట్రీ డివిజన్, 1970లో 8 మౌంటెన్ డివిజన్.

ఇక 1971.

8 మౌంటెన్ డివిజన్ అప్పుడు నాగాలాండ్, మణిపూర్‌లలో తిరుగుబాటుదారుల మీద పనిచేస్తోంది. చిన్న చిన్న పోస్టులుగా విడిపోయి, అడవిలో పెట్రోలింగ్ చేసే సైన్యం అది. అలాంటి డివిజన్‌ను పోగుచేసి, ఎదురుగా కాంక్రీటు బంకర్లలో కూర్చున్న శత్రువు మీదకు నడిపించడం వేరే విద్య. కొన్ని నెలల్లో ఆ మార్పు తేవాలి. పైగా డివిజన్ మొత్తం లేదు, ప్రధానంగా రెండు బ్రిగేడ్లే, 59, 81. పై అధికారి 4 కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన దళం) కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్. ఆయనకు "కుదరదు" అనే మాట వినపడదని ప్రతీతి.

కృష్ణారావు గారికి అప్పగించింది ఈశాన్య మూల, సిల్హెట్ ప్రాంతం. టీ తోటలు, మైళ్ల కొద్దీ చిత్తడి, అడ్డంగా కుశియారా, సుర్మా నదులు. యుద్ధం అధికారికంగా డిసెంబర్ 3న మొదలైందంటారు గానీ, నవంబర్ 21న అట్‌గ్రామ్ దగ్గరే 59 బ్రిగేడ్‌లోని 4/5 గోర్ఖా రైఫిల్స్ (అయిదో గోర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్) ఖుక్రీలు దూసింది. తర్వాత అదే బెటాలియన్ గాజీపూర్‌లో పోరాడింది. మరోవైపు 81 బ్రిగేడ్ శంషేర్‌నగర్ మీదుగా మౌల్వీబజార్ వైపు నడిచింది.

డిసెంబర్ 7న సగత్ సింగ్ ఆ 4/5 గోర్ఖా వాళ్లనే మీ-4 హెలికాప్టర్లలో ఎక్కించి నేరుగా సిల్హెట్ అంచున దింపించారు. మన సైన్యం చేసిన మొదటి హెలిబోర్న్ దాడి ఇదే. అప్పటికి పాత పోరాటాల్లో దెబ్బతిని ఉన్న ఒక్క బెటాలియన్, ఎదురుగా అంతకు ఎన్నో రెట్ల బలగం. రెండు రోజుల్లో మిగతా డివిజన్ వచ్చి కలుస్తుందన్నది లెక్క. రెండు రోజుల్లో కలవలేదు. గోర్ఖాలు వారానికి పైగా తిండికి, మందుగుండుకు కటకటపడుతూ అక్కడే పట్టు పట్టి ఉండిపోయారు. ఒక బ్రిగేడ్ దిగిందని బీబీసీ పొరపాటున చెప్పడంతో, తాము బ్రిగేడ్ అన్నట్టే వెడల్పుగా పరుచుకుని శత్రువును మోసగించామని, ఆ బెటాలియన్‌లో ఉండి తర్వాత మైన్ పేలి కాలు పోగొట్టుకున్న ఇయాన్ కార్డోజో గారు చాలాసార్లు చెప్పారు.

ఇంతలో మౌల్వీబజార్‌లో ఉన్న పాకిస్తానీ 313 బ్రిగేడ్, మేఘనా నది దాటే దారికి వెళ్లి అడ్డం పడకుండా, వెనక్కి తగ్గి సిల్హెట్‌లో చేరింది. అక్కడ ముందే 202 బ్రిగేడ్ ఉంది. అంటే రెండు బ్రిగేడ్లు ఒక మూలన ఇరుక్కుపోయాయి. సగత్ సింగ్ మిగతా కోర్‌తో మేఘనా దాటి ఢాకా వైపు పోతుంటే వాటిని ఆపడానికి ఈ రెండూ పనికిరాలేదు. ఢాకా లొంగిపోయాక సిల్హెట్ కూడా లొంగింది. ముగ్గురు బ్రిగేడియర్లు, వేలమంది సైనికులు ఆయుధాలు దించారు. 8 డివిజన్‌ను నడిపించినందుకు కృష్ణారావు గారికి పరమ విశిష్ట సేవా పతకం వచ్చింది.

దీని మీద విమర్శ ఉంది, అదీ చెప్పాలి. సిల్హెట్ ఢాకా కాదు. అక్కడికి అంత బలం పంపకుండా కొంత ఢాకా వైపు తిప్పి ఉండాల్సిందని, డివిజన్ నడక నిదానంగా సాగిందని రాసినవాళ్లున్నారు. మొదటి మాట నిజమైనా అది డివిజన్ కమాండర్ నిర్ణయం కాదు. రెండోదానికి నా సమాధానం: రెండు బ్రిగేడ్లతో, ఆ నదుల మధ్య, బంకర్ తర్వాత బంకర్ తీసుకుంటూ పోయేవాడి వేగాన్ని హెలికాప్టర్ వేగంతో పోల్చకూడదు. కానీ గోర్ఖాలను అన్ని రోజులు ఒంటరిగా ఉంచాల్సి రావడం ప్లాన్‌లోని లోపమే, దాన్ని వీరగాథ కింద దాచేయకూడదు.

ఆ డిసెంబర్ 16 సాయంత్రం ఢాకాలో తీసిన ఫొటో మీరు చూసే ఉంటారు. పాకిస్తాన్ జనరల్ నియాజీ సంతకం, పక్కన మన తూర్పు కమాండ్ అధిపతి అరోరా, వెనక సగత్ సింగ్, జాకబ్. కృష్ణారావు గారు అందులో లేరు, సిల్హెట్ వైపు ఉన్నారు. ఆయన ఉద్యోగమంతా దాదాపు ఇదే తీరు, కెమెరా ఒకచోట ఉంటే ఆయన పని ఇంకోచోట.

నా దృష్టిలో ఆయన చేసిన అతి పెద్ద పని యుద్ధం కాదు, 1975-76లో నడిపిన ఒక కమిటీ. రాబోయే పాతికేళ్లకు, అంటే 2000 సంవత్సరం దాకా, మన సైన్యం ఎలా ఉండాలో చెప్పమని ప్రభుత్వం అడిగింది. ఆయన అధ్యక్షుడు, సుందర్జీ, ఎం.ఎల్. చిబ్బర్ సభ్యులు. 1971లో తూర్పున గెలిచాం గానీ పడమటి సరిహద్దులో చాలాచోట్ల లోతుగా చొచ్చుకుపోలేకపోయాం. కారణాల్లో ఒకటి సాదాసీదాది. ట్యాంకు ముందుకెళుతుంది, దాన్ని కాపాడాల్సిన పదాతి సైనికుడు కాలినడకనో, లారీలోనో వెనకబడతాడు. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో, పదాతి దళం తోడులేని ట్యాంకులను చిన్న చిన్న క్షిపణులు ఎలా కాల్చేశాయో అప్పటికి ప్రపంచమంతా చూసింది. అందుకని సైనికుణ్ని కూడా ఉక్కు బండిలో కూర్చోబెట్టి ట్యాంకుతో సమానంగా నడిపించాలి, ఫిరంగులు కూడా తమంతట తాము కదలాలి, సిగ్నల్స్ అందుకు తగ్గట్టు మారాలి. ఇదంతా విడతల వారీగా, డబ్బు చూసుకుని చేయాలి. స్థూలంగా కమిటీ చూపిన దారి ఇది.

సైన్యంలో కమిటీ రిపోర్టులకు కొదవ లేదు, బీరువాలూ చాలానే ఉన్నాయి. ఇది మాత్రం బీరువాలో ఆగలేదు. ఎందుకంటే రాసినాయనే 1978లో డిప్యూటీ చీఫ్‌గా ఢిల్లీ వచ్చారు, మరుసటి సంవత్సరమే, 1979లో, మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ పుట్టింది. తర్వాత ఆయనే చీఫ్ అయ్యి ఆ ఆధునికీకరణను ముందుకు నెట్టారు. సభ్యుడు సుందర్జీ 1986లో చీఫ్ అయ్యి మిగతాది పరుగు పెట్టించారు. పేరు సుందర్జీకి వచ్చింది, ఆయనకు రావాల్సిందే. కానీ ఆ కాగితం మీద మొదటి సంతకం ఎవరిదో మా రెజిమెంట్ పాతవాళ్లకు తెలుసు. ఇందులో మనకూ ఒక వాటా ఉంది. ఆ సైనికులు కూర్చునే బీఎంపీ-2 బండ్లు 1980ల చివర నుంచి తయారవుతున్నది సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో. శ్రీకాకుళం ఆయన రాసిన దానికి మెదక్ కార్మికులు ఇనుము పోశారన్నమాట.

చీఫ్‌గా ఉన్నది 1981 జూన్ 1 నుంచి 1983 జూలై 31 వరకు. యుద్ధాలు లేని కాలం. ఆయన దిగిపోయే సందర్భంలో ఒక రగడ జరిగింది: సీనియర్ అయిన ఎస్.కె. సిన్హాను కాదని ఇందిరా గాంధీ ప్రభుత్వం ఎ.ఎస్. వైద్యను చీఫ్ చేసింది, సిన్హా రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. అది ప్రభుత్వ నిర్ణయం.

1984లో ఆయన్ని నాగాలాండ్, మణిపూర్, త్రిపుర గవర్నర్‌గా పంపారు, అయిదేళ్లు ఉన్నారు. త్రిపురలో టీఎన్‌వీ (త్రిపుర నేషనల్ వాలంటీర్స్) తిరుగుబాటు నాయకుడు బిజయ్ హ్రాంగ్‌ఖాల్ హింస మానేస్తాం, చర్చలకు వస్తాం అని 1988 మేలో రాసిన ఉత్తరం గవర్నర్ పేరుకే వచ్చింది. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. ఒకప్పుడు అదే ప్రాంతంలో డివిజన్‌తో తిరుగుబాటును ఎదుర్కొన్న మనిషికి తిరుగుబాటుదారుడు ఉత్తరం రాశాడంటే, దానికి నేను చాలా విలువ ఇస్తాను.

ఇప్పుడు మీ బావగారి ప్రశ్న. ఆయన కశ్మీర్‌లో రెండుసార్లు గవర్నర్, రెండింటినీ విడివిడిగా చూడాలి.

మొదటిసారి 1989 జూలై నుంచి 1990 జనవరి 19 దాకా. ఆ ఆరు నెలల్లో లోయ చేయిదాటిపోయింది. పండిట్ నాయకుడు టీకాలాల్ టప్లూను, జడ్జి నీలకంఠ్ గంజూను చంపారు. డిసెంబర్‌లో కేంద్ర హోంమంత్రి కూతురు రుబయా సయ్యద్‌ను ఎత్తుకుపోయారు, అయిదుగురు మిలిటెంట్లను వదిలాక ఆమె విడుదలైంది. జగ్మోహన్‌ను మళ్లీ గవర్నర్‌గా నియమించగానే కృష్ణారావు గారు తప్పుకున్నారు. పండిట్ల వలస మొదలైన రాత్రి అదే. ఫెయిల్యూర్ కాదనలేం. కానీ అది ఎవరిది? అప్పుడక్కడ ఫరూక్ అబ్దుల్లా ప్రభుత్వం ఉంది. పోలీసు, పరిపాలన ముఖ్యమంత్రి చేతిలో, పైన కేంద్రంలో ప్రభుత్వాలు మారుతున్నాయి. ఎన్నికైన ప్రభుత్వం ఉన్నప్పుడు గవర్నర్ చేతిలో ఉండేది కలం, రబ్బరు స్టాంపు. ఆయన ఇంకా గట్టిగా అరిచి ఉండాల్సింది అంటే ఒప్పుకుంటాను. ఆయన వల్లే పోయింది అంటే మాత్రం ఒప్పుకోను.

రెండోసారి 1993 మార్చిలో పి.వి. నరసింహారావు గారు పంపారు. అప్పుడు రాష్ట్రపతి పాలన, ఎన్నికైన ప్రభుత్వం లేదు. అక్కడి పాలన బాధ్యత ఆయనదే, మంచికీ చెడుకీ. సైన్యం, బీఎస్ఎఫ్, పోలీసు ఎవరి దారిన వాళ్లు పోకుండా ఉమ్మడి కమాండ్ ఏర్పాటైంది. ఆ అక్టోబర్‌లో శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గాలో మిలిటెంట్లు చేరారు. స్వర్ణదేవాలయం అనుభవం తొమ్మిదేళ్ల కిందటిదే. లోపలికి దూకమని ఒత్తిడి, బయట ఉండిపోతే పిరికితనమని ఎగతాళి. నెల రోజులకు పైగా చుట్టుముట్టి, లోపలికి తిండి వెళ్లనిచ్చి, మాట్లాడి, నవంబర్ 16న బయటికి రప్పించారు. దర్గా చెక్కు చెదరలేదు. ఒక మాజీ ఆర్మీ చీఫ్ తుపాకీ పేల్చకుండా కూర్చోగలగడం మామూలు విషయం కాదు. ఆ అక్టోబర్‌లోనే బిజ్‌బెహారాలో గుంపు మీద బీఎస్ఎఫ్ కాల్పుల్లో పదుల మంది చనిపోయారు. అదీ ఆయన పాలనలోనే, దాన్ని వదిలేసి హజ్రత్‌బల్ ఒక్కటే చెబితే అన్యాయం. 1995 మేలో చరారే షరీఫ్ దర్గా తగలబడిపోయింది, లోపలున్న మిలిటెంట్ నాయకుడు మస్త్ గుల్ తప్పించుకుపోయాడు. అది పెద్ద దెబ్బ.

ఆ ఏడాది జనవరి 26న జమ్మూ స్టేడియంలో ఆయన రిపబ్లిక్ డే ప్రసంగం చేస్తుండగా బాంబులు పేలాయి. ఎనిమిది మంది పోయారు, ఆయనకేమీ కాలేదు. ఆ తర్వాత కూడా మూడేళ్లకు పైగా అదే కుర్చీలో ఉన్నారు.

ఆయన పట్టుబట్టి సాధించింది ఎన్నికలు. 1995 డిసెంబర్‌లో పెడదామంటే ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. 1996 మేలో లోక్‌సభకు, సెప్టెంబర్‌లో అసెంబ్లీకి జరిగాయి. జవాన్లు ఊళ్ల మీద పడి జనాన్ని ఓటుకు తోలారన్న ఆరోపణలు వచ్చాయి. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, అన్నీ అబద్ధాలని అననూ లేను. వేర్పాటువాదుల కూటమి హురియత్ బహిష్కరించింది. అయినా అక్టోబర్‌లో ఫరూక్ ప్రమాణం చేశాక, ఊళ్లో కరెంటు పోతే జనం మా క్యాంపు గేటు దగ్గరికి కాకుండా ఎమ్మెల్యే ఇంటికి వెళ్లడం మొదలైంది. సైన్యంలో ఉన్నవాడికి ఆ తేడా ఏమిటో తెలుస్తుంది. హింస ఆగలేదు, 1998 జనవరిలో వంధామాలో 23 మంది పండిట్లను చంపేశారు. ఆ మేలో ఆయన దిగిపోయేటప్పటికి కశ్మీర్ బాగుపడిపోలేదు, 1993లో చేతికి వచ్చినదానికన్నా మెరుగ్గా ఉంది. బావగారితో ఇంతవరకు చెప్పండి, ఆపైన ఆయనిష్టం.

మనవైపు పేరు ఎందుకు వినపడదంటే, ఒక కారణం చాలా మామూలుది. ఆయన చీఫ్‌గా ఉన్న 26 నెలల్లో ఆంధ్రప్రదేశ్‌కు నలుగురు ముఖ్యమంత్రులు: అంజయ్య, భవనం, కోట్ల, ఎన్టీఆర్. పేపర్లలో చైతన్యరథం తప్ప ఇంకోదానికి చోటెక్కడ? తర్వాత 1991లో జాతీయ భద్రత మీద, 2001లో తన జ్ఞాపకాలతో పుస్తకాలు రాశారు, రెండూ ఇంగ్లీషులోనే. పంతొమ్మిదో ఏట బయల్దేరిన మనిషి ఉద్యోగమంతా జమ్మూ, లద్దాఖ్, నాగాలాండ్, ఢిల్లీల్లో గడిచింది. మనకు సైనికులు లేక కాదు, పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊరే ఉంది. కానీ మనం సైనికుణ్ని గుర్తుపెట్టుకునేది ఎక్కువగా శవపేటిక వచ్చినప్పుడు. గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు ఇంటింటికీ తెలుసు, తెలియాలి కూడా. 92 ఏళ్లు బతికి, 2016 జనవరి 30న ఢిల్లీ ఆర్మీ ఆసుపత్రిలో గుండె ఆగి పోయిన ఆఫీసర్‌కు ఆ చోటు దొరకదు.

ఎస్ఎస్‌బీ సంగతి: ఆయన గురించి నేరుగా అడగడం అరుదు. మీ అబ్బాయే "మా ప్రాంతం నుంచి చీఫ్ అయినవారు" అని ఎత్తితే మాత్రం వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, "ఏ రెజిమెంట్, 1971లో ఏ డివిజన్, ఎదురుగా ఎవరు?" అని. తేదీలు బట్టీ పట్టించకండి. బంగ్లాదేశ్ మ్యాప్ ముందేసుకుని అగర్తలా, అషూగంజ్, మౌల్వీబజార్, సిల్హెట్ ఎక్కడున్నాయో, మేఘనా ఎటు పారుతుందో చూపించమనండి. సిల్హెట్‌లో ఆ రెండు పాకిస్తానీ బ్రిగేడ్లు ఇరుక్కోకపోతే సగత్ సింగ్‌కు ఎక్కడ అడ్డుపడేవో వేలు పెట్టి చెప్పగలిగితే, ఆ ప్రశ్నకు అంతకన్నా తయారీ అక్కర్లేదు.